సాయిబు బావిలో నీళ్ళ చప్పుడు

తనకల్లు నుంచి కదిరికి పోయే దారిలో, రెండో మిట్ట దిగగానే ఎడమచేతి పక్కన ఒక బావి ఉంది. సాయిబు బావి అంటారు. పగలు ఎవరైనా ఆగి తొంగి చూస్తారు. అడుగున రాళ్ళు, ఎండిన కంప, ఒక పగిలిన కుండ కనిపిస్తాయి. రాత్రయితే మాత్రం ఆ పక్కకు ఎవరూ తల తిప్పరు.

ఎందుకంటే రాత్రిపూట ఆ బావిలో నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

ఎండిపోయిన బావి అనడానికి కూడా లేదు. ఎండాలంటే ముందు తడి ఉండాలి కదా... ఆ బావిలో తవ్విన నాటినుంచి ఒక్క చుక్క పడలేదు. అయినా చీకటి పడ్డాక ఎవరో ముంచుకుంటున్నట్టు, ఎవరో పోసుకుంటున్నట్టు వినిపిస్తుంది. బండ్లవాళ్ళు మిట్టమీదే గొంతు సవరించుకుని, ఎద్దుల మెడల్లో గంటలు గట్టిగా మోగేటట్టు అదిలించి, ఒక్క పరుగున దాటిపోతారు. మేం నీళ్ళ చప్పుడు వింటే బిందె తీసుకుని పరిగెత్తే జనం. అట్లాంటి మేమే ఆ చప్పుడు విని ఇంట్లో కూచున్నామంటే సంగతేమిటో మీరే ఆలోచించుకోండి.

నాకు దెయ్యాలమీద పెద్ద నమ్మకం లేదు. కదిరిలో వేరుశనక్కాయల మండీలో గుమాస్తాను. పొద్దస్తమానం మనుషుల్ని చూస్తాను, నాకదే చాలు. అయితే ఈ సంగతి నాకు చెప్పినవాడు ఆంజనేయులు. ఆ బావికి కూతవేటు దూరంలో నాలుగెకరాల మెట్ట చేసుకునే మనిషి. అబద్ధమాడేంత మాటకారి కాదు.

అతను మొదట అన్న మాట ఇది.

"ఆ చప్పుడు మన ఊరిది కాదప్పా. కొలంబోది... మేమే తెచ్చినాం."

ఆ బావి తవ్వింది ఖాసిం సాబ్. చుట్టుపక్కల పల్లెల్లో బావి అంటే అతన్నే పిలిచేవాళ్ళు. బండకు చెవి ఆనించి, "ఈడ పడతాయి" అన్నాడంటే పడేవి. ప్రతిసారీ కాదు, కొన్నిసార్లు. మా సీమలో కొన్నిసార్లు పడితే గొప్ప పేరే.

ఊరందరికీ తవ్వినవాడు ఒక బావి తనకోసం తవ్వుకున్నాడు. అతని భార్య దాదాబీ రోజూ వంకదాకా నడిచి నీళ్ళు మోసేది. "ఇంగ నువ్వు నడిచే పన్లేదు" అని చెప్పి మొదలుపెట్టాడు. ఒక ఎండాకాలం తవ్వాడు. ఇంకో ఎండాకాలం తవ్వాడు. బండ తగిలింది. మందు పెట్టి పేల్చాడు, ఆ పేలుడులో ఎడమచేతి బొటనవేలు పోయింది. కింద ఇంకో బండ.

ఆ ఏడు కరువొచ్చింది, ఆ కరువులోనే వెళ్ళిపోయాడు.

"నీళ్ళుండే ఊరికి పోతాండా" అన్నాడట దాదాబీతో. కొడుకు హుస్సేన్ పీరాకు అప్పటికి ఇంకా ఊహ తెలియదు. కొంతకాలం మనియార్డర్లు వచ్చాయి. కొలంబోలో మరదానా అనే పేట నుంచి వచ్చిందని పోస్టుమాను చదివి చెప్పేవాడు. తర్వాత అవీ రాలేదు.

దాదాబీ మెడలో నల్లపూసలు తీయలేదు. పీరా పెద్దవాడయ్యాడు, ఎద్దులకు నాడాలు కొట్టడం నేర్చాడు, మీసాలు వచ్చాయి. "ఇన్నేండ్లాయె, పాతేహా చదివించి ఆ మనిషిని సాగనంపమ్మా" అని మసీదు ముల్లా ఎన్నోసార్లు చెప్పాడు. ఆమె వినలేదు. యాభై ఏడులో ఆమెకు పెద్ద జబ్బు చేసింది. లేచి కూచున్న రోజు కొడుకును పిలిచింది.

"బతికింటే పిల్చకరా. సచ్చింటే చెప్పు. ఈ రెండిట్లో ఏదో ఒగటి నాకు తెలవల్ల నాయనా. తెలవకుండా నేను పోలేను."

పీరాకు ఒంటరిగా పోవాలంటే భయం. ఆంజనేయుల్ని అడిగాడు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. ఎద్దుల కాళ్ళు పట్టుకుంటూ, నాడాలు కొడుతూ కుదిరిన స్నేహం.

"కొలంబో యాడుండాది?" అన్నాడు ఆంజనేయులు.

"సముద్రం అవతల."

"అవతలంటే యాడ?"

"తెలీదప్పా. టికెట్టు ఇస్తారంట."

అంతే, బయలుదేరాడు. కదిరిలో చింతపండు ఓడలకు పంపే షావుకారు ఒకాయన ఆఫీసుల చుట్టూ తిరిగి, పుణ్యానికి వాళ్ళకు కాయితాలు ఇప్పించాడు. దారి ఖర్చుకు దాదాబీ మేకల్ని అమ్మింది.

కదిరిలో రైలెక్కి, పాకాలలో మారి, విల్లుపురంలో మారి, ధనుష్కోడిలో దిగి స్టీమరెక్కారు. దారిలో ఒకచోట డాక్టరు చేతికి సూది పొడిచాడు. ఎందుకని ఇద్దరూ అడగలేదు. స్టీమరు కదిలాక ఆంజనేయులు సముద్రాన్ని చూసి, "ఇన్ని నీళ్ళు పెట్టుకొని..." అన్నాడు. ఆ తర్వాత ఏమనాలో తెలియలేదు. పీరా సముద్రంవైపే చూడలేదు. కాళ్ళ మధ్య మూట పెట్టుకుని, కిందనున్న చెక్కల్ని చూస్తూ కూచున్నాడు.

"కొలంబో ఎట్లా ఉందయ్యా?" అని నేనడిగాను. మేడలు, ఓడలు, తీగలకింద నడిచే బస్సులు చెబుతాడేమోనని ఆశగా కూచున్నాను.

"తడిగా ఉండాదప్పా" అన్నాడు.

కాస్త పొడిగించమంటే అప్పుడు చెప్పాడు. గోడలకు పాచి. పెంకుల మధ్య గడ్డి. ఆరేసిన పంచె మర్నాటికి కూడా ఆరదు. ఎక్కడ చూసినా బావులు... బావంటే చేంతాడు కూడా అక్కర్లేదు, వంగి ముంచుకోవచ్చు. జనం బావి పక్కన నిలబడి బకెట్టు తర్వాత బకెట్టు నెత్తిన కుమ్మరించుకుంటారు. ఆ నీళ్ళు కాలవలో పడి పోతాయి. పోయేవాటిని ఒక్కరూ చూడరు. ఆంజనేయులు మాత్రం నిలబడి చూసేవాడు. మా పల్లెల్లో మనిషి గంగాళంలో కూచుని చెంబెడు నీళ్ళతో ఒళ్ళు తడుపుకుంటాడు, గంగాళంలో మిగిలింది గొడ్డుకు పోస్తాం.

మరదానాలో ఒక మలబారు సాయిబు టీ హోటలు నడిపేవాడు. అందరూ కాకా అనేవారు. ఆ హోటలు మేడమీద వీళ్ళకు గది దొరికింది. మద్రాసులో చాలా ఏళ్ళు ఉన్నవాడు కాబట్టి కాకాకు కాస్త తెలుగు వచ్చు. గదికి వెనకవైపు ఒక కిటికీ. దాని కింద ఎవరూ ఉండని ఇల్లొకటి, ఆ ఇంటి పెరడు, పెరట్లో బావి.

కాకా గది చూపిస్తూనే ఆ కిటికీ మూసి గడియ పెట్టాడు.

"రాత్రి తెరవొద్దు."

"దొంగలా?" అన్నాడు ఆంజనేయులు.

"కాదు..." కాకా గొంతు తగ్గించాడు. "చప్పుడు వస్తుంది. పలకొద్దు. అంతే."

వాళ్ళు పగలంతా తిరిగారు. మసీదుల్లో అడిగారు, బజార్లో అడిగారు, రేవులో మూటలు మోసేవాళ్ళను అడిగారు. "ఖాసిం సాబ్. తనకల్లు. అనంతపురం జిల్లా" అనేవాడు పీరా. ఆ మాటల్లో ఏ ఒక్కటీ అక్కడ ఎవరికీ తెలియదు. రెండోరోజు సాయంత్రానికి అడగడం కూడా మానేశాడు. వీధి మూలలో నిలబడి, ఆ వయసు మనుషులు పోతుంటే వాళ్ళ మొహాలు చూస్తూ ఉండిపోయాడు.

"నాయన మొగం నాకు గుర్తులేదప్పా" అన్నాడు. "ఎవురిని చూసినా కావచ్చు అనిపిస్తాది."

ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో ఏమీ లేదట. బాధ కూడా లేదట. చెప్పులు తెగిపోయాయని చెప్పినట్టు చెప్పాడట.

చప్పుడు మొదటి రాత్రే వినిపించింది.

ముంచిన చప్పుడు. పోసుకున్న చప్పుడు. కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ ముంచిన చప్పుడు.

నీళ్ళు రాతిమీద పడితే ఒక చప్పుడు, మట్టిమీద పడితే ఒక చప్పుడు. ఇది అవి రెండూ కాదు. మనిషి ఒంటిమీద పడి, వీపుమీదుగా జారే చప్పుడు. ఎవరో స్నానం చేస్తున్నారనుకున్నాడు ఆంజనేయులు. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అనుకుంటూ తెల్లవార్లూ పడుకున్నాడు. ఆగలేదు. రెండో రాత్రీ అంతే.

మీరయితే నిద్రపోతారు. కోస్తావాళ్ళయితే ఆ చప్పుడుకు ఇంకా హాయిగా గురకపెడతారు. మావాళ్ళకు పట్టదు. పక్కింట్లో చెంబు ఒలికితే లేచి కూచునే ఊరు మాది.

మూడో రాత్రి ఆంజనేయులు లేచాడు.

ధైర్యం ఉండి లేచాడనుకునేరు. భయం సంగతి అసలు గుర్తే రాలేదు, కాకా మాటా గుర్తురాలేదు. ఒళ్ళు మండిపోయి లేచాడు. పాపం ఎవరినైనా కొడుతుంటే లేస్తామే... అట్లా లేచాడు. వెనక మెట్లు దిగి, కూలిన గోడ సందులోంచి ఆ పెరట్లోకి అడుగుపెట్టాడు.

బావిగట్టు పక్కన ఒక మనిషి. వీపు ఇటువైపు. వంగాడు... ముంచాడు... నెత్తిన కుమ్మరించుకున్నాడు. మళ్ళీ వంగాడు.

"సాలప్పా" అన్నాడు ఆంజనేయులు.

బకెట్టు సగంలో ఆగింది.

"సాలు... ఎన్ని పోసుకుంటావు? ఊరికే వచ్చినాయని ఇట్ల పారబోస్తారా?"

ఆ మనిషి కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆంజనేయులుకు, పరాయి దేశంలో పరాయివాణ్ణి తెలుగులో తిడుతున్నానని. సిగ్గుపడి వెనక్కు తిరగబోయాడు.

వెనకనుంచి మెల్లగా—

"యా ఊరప్పా?"

మన మాట. మన యాస.

భయం వేయలేదా అంటే, లేదట. ప్రాణం లేచి వచ్చిందట. మూడు రోజులుగా చెవిన పడిన మాట ఒక్కటీ అర్థం కాలేదాయె. "తనకల్లు కాడ అన్నా" అన్నాడు గబగబా.

ఆ మనిషి తిరగలేదు. అట్లాగే నిలబడి మళ్ళీ అడిగాడు.

"ఆడ... బాయిలో నీళ్ళు పడినాయా?"

ఏ బావి అని ఆంజనేయులు అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. మావాళ్ళు పరాయి ఊళ్ళో కలిస్తే పెళ్ళాం పిల్లలకన్నా ముందు నీళ్ళ సంగతే అడుగుతారు. దానికి జవాబు చెప్పే పద్ధతి ఒకటుంది. ఊరు వదిలి వచ్చినవాడికి రాత్రిపూట చెడ్డకబురు చెప్పం. గొడ్డు చచ్చినా, పైరు మాడినా "బాగుండాది" అంటాం. తెల్లవారి, అతను కడుపునిండా తిన్నాక అప్పుడు కూచోబెట్టి నిజం చెబుతాం. మా నాయనల కాలం నుంచీ అదే మర్యాద.

"పడినాయన్నా" అన్నాడు. "నిండా ఉండాయి. వంగి ముంచుకోవచ్చు."

"...నిజమా?"

"నిజమే."

ఆ మనిషి బకెట్టును గట్టుమీద పెట్టాడు. మెల్లగా, చప్పుడు కాకుండా.

"అట్లయితే పోదాం" అన్నాడు.

ఆ తర్వాత అక్కడ ఎవరూ లేరు. పోవడం కనిపించలేదు, అడుగుల చప్పుడు వినిపించలేదు. ఆంజనేయులు బావి దగ్గరికి పోయి గట్టును చేత్తో తడిమాడు. మూడు రాత్రులు నీళ్ళు కుమ్మరించిన గట్టు. గోడలకు పాచి పట్టే ఊళ్ళో ఆ ఒక్క రాయీ పొడిగా ఉంది. మా ఊరి బండంత పొడిగా ఉంది.

మెట్లు ఎట్లా ఎక్కాడో తెలియదు. గదిలో పీరా లేచి కూచుని ఉన్నాడు.

"ఎవురితో మాట్లాడతాండావు?"

"ఎవురో... మన పక్కాయన."

పీరా తల అడ్డంగా ఊపాడు.

"నీ గొంతు ఒగటే ఇనపడె" అన్నాడు.

ఆ రాత్రి ఇక చప్పుడు రాలేదు.

పొద్దున్నే కాకా పైకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "రాత్రి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆగలేదు. ఏం చేశారు మీరు?" అన్నాడు. వీళ్ళు ఏమీ చెప్పకపోయేసరికి అతనే గోడకు ఆనుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"వాడొక తెలింగ, మీలాగా తెలుగువాడు. పేరు... ఎవరడిగారు? తెలింగ అనేవాళ్ళం. బావుల్లో పూడిక తీసేవాడు. మంచి పనివాడు. ఒకటే తిక్క. ఎవరు నీళ్ళు పారబోసినా కొట్టడానికి వచ్చేవాడు. చిన్నపిల్లల్ని కూడా వదిలేవాడు కాదు." ఆంజనేయుల్ని చూపించాడు. "మొన్న మా కుర్రాడు గ్లాసులు కడుగుతుంటే ఈయన తగువు పడ్డాడు చూడండి, అచ్చం అట్లాగే."

కాకా కిటికీవైపు చూస్తూ చెప్పుకుపోయాడు.

"ఆ బావి తోడేసి దిగాడు. పైన వాన. ఊట ఒక్కసారిగా వచ్చేసింది. ఈత రాదు వాడికి. పైనున్నవాళ్ళు తాడు వేశారు, పట్టు దొరకలేదు. ఒక చేతికి బొటనవేలు లేదు."

కింద హోటల్లో ఎవరో టీ తిరగబోస్తున్న చప్పుడు.

"బావుల్లో దిగేవాడికి ఈత రాకపోవడమేమిటో!" అన్నాడు కాకా తనలో తను.

"మా కాడ బాయిల్లో దిగేకి ఈత అక్కరలేదు" అన్నాడు పీరా.

కిందికి దిగి టీ తాగాడు. ఇంకో టీ అడిగి అదీ తాగాడు. ఏడుస్తాడేమోనని ఆంజనేయులు పక్కనే కూచున్నాడు. ఏడవలేదు. పోనీ తనకైనా ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాడట. రాలేదు. సూది పొడిచిన చెయ్యి రెండ్రోజులు మొద్దుబారిందే, ఒళ్ళంతా అట్లా ఉందట.

శ్మశానానికి పోయారు. నడుమెత్తు గడ్డి. కాపలావాడు చెయ్యి విసిరి ఆ మూలంతా చూపించాడు, అందులో ఎక్కడో ఒకచోట. పీరా వంగి ఒక పిడికెడు మట్టి తీసి తువ్వాలులో మూటకట్టాడు. తడిమట్టి.

తిరుగుప్రయాణంలో ఆ మూట ఆరలేదు. స్టీమరు మీద ఆరలేదు, ధనుష్కోడి ఇసకలో ఎండకు పెడితే ఆరలేదు. విల్లుపురం దాటాక పెట్టె కిక్కిరిసిపోయింది. పీరాకూ ఆంజనేయులుకూ మధ్య మనిషి పట్టే చోటు ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూచోబోయి, చెయ్యి తగలగానే లేచి పోయారు. "తడిగా ఉందే..." అంది ఒక ముసలామె. ఆంజనేయులు ఆ బల్లను చూశాడు. చెక్క పొడిగానే ఉంది. పీరా కూడా చూశాడు.

పాకాలలో పీరా కిటికీలోంచి మూడు టీలు అడిగాడు. మూడెందుకని ఆంజనేయులు అడగలేదు. మూడోది కదిరిదాకా అట్లాగే ఉండి చల్లారిపోయింది.

దాదాబీ ఇంటి ముందే కూచుని ఉంది.

"నాయన లేడమ్మా" అన్నాడు పీరా.

"ఎట్ల?"

"నీళ్ళల్లో."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "నీళ్ళల్లోనా?"

"ఊ."

"శానా నీళ్ళా?"

"శానామ్మా."

తల ఊపింది. చేతులు వెనక్కు పెట్టి, నల్లపూసలు తనే విప్పి, గోడ గూట్లో పెట్టింది. తువ్వాలు మూట విప్పి మట్టిని ముట్టుకుంది. మండే ఎండలో అది ఇంకా తడిగా ఉంది. ఆ మూట పట్టుకుని బావిదాకా నడిచి, అందులో వదిలేసి వచ్చింది. ముల్లా పాతేహా చదివాడు. తెలియాల్సింది ఆమెకు తెలిసింది, ఇక ఆ ఇంటికి పట్టిన ఎదురుచూపు తీరిందని అందరూ అనుకున్నారు.

ఆ రాత్రే బావిలో చప్పుడు మొదలయింది.

మొదట్లో అది నీళ్ళ చప్పుడు కాదు. ఏదో కిందికి దిగుతుంది... రాతికి తగులుతుంది. ఠంగ్. పైకి వస్తుంది. మళ్ళీ దిగుతుంది. ఠంగ్. ఆంజనేయులు తన ఇంట్లో పడుకుని వినేవాడు. చెవులు మూసుకున్నా వినిపించేది.

"నా మాట నమ్మి వచ్చినాడప్పా" అన్నాడు నాతో. "నిండా ఉండాయంటిని గదా."

ఎవరితోనూ చెప్పుకోలేకపోయాడు. పీరాతో కూడా చెప్పలేదు. అతనికి ఎదురుపడాలంటేనే చేతకాక, ఎద్దుల నాడాలు అరిగిపోతున్నా తీసుకుపోవడం మానేశాడు. ఎద్దు కుంటుతుంటే ఇంటావిడ ఓబులమ్మ తిట్టేది, తిట్టించుకునేవాడు.

కొన్నాళ్ళకు చప్పుడు మారింది.

రాతి చప్పుడు పోయి నీళ్ళ చప్పుడయింది. మొదటిసారి విన్నప్పుడు ఊరు ఊరంతా బిందెలు, దీపాలు పట్టుకుని పరిగెత్తింది. తొంగిచూస్తే రాళ్ళు, కంప, పగిలిన కుండ. మరో రెండుసార్లు అట్లాగే అయ్యాక ఇక ఎవరూ పోలేదు. బావికి చెడ్డపేరు వచ్చింది అప్పటినుంచే.

ఆంజనేయులు మాత్రం ఆ చప్పుడును గుర్తుపట్టాడు. అది మనిషి ఒంటిమీద పడే చప్పుడు.

ఒక రాత్రి ఇక తట్టుకోలేకపోయాడు. తెల్లవారాక చెప్పాల్సిన నిజం ఒకటి ఉంది కదా... అది అతను చెప్పనేలేదు. ఇప్పుడైనా పోయి చెబుదాం, అన్నా, నేనన్నది అబద్ధం, నీళ్ళు పడలేదు, నన్ను వదిలెయ్యి అని దండం పెడదాం అనుకున్నాడు. దీపం కూడా తీసుకోలేదు.

బావి దగ్గర ఎవరో ఉన్నారు.

వీపు ఇటువైపు. వంగి ఉన్నారు. నీళ్ళ చప్పుడు.

ఆంజనేయులు కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

"ఎవురది?" అంది ఆ మనిషి తిరిగి. "ఆంజనేయులా? రా నాయనా."

దాదాబీ. చంకలో బిందె.

ఇన్నాళ్ళూ ఊరిని వణికించింది ఈ ముసలామేనా అనుకున్నాడట. నవ్వు రాబోయిందట. కానీ ఆ బిందెను చూశాక రాలేదు. ఆ ఏడు ఊరందరికీ ఒక్కటే ఊట. మనుషులు, గొడ్లు, పొయ్యి, అన్నింటికీ కలిపి ఇంటికి రెండు బిందెలు. దాంట్లో ఒకటి ఆమె చంకలో ఉంది.

"చిన్నమ్మా... తాగే నీళ్ళు గదమ్మా అవి."

"ఊ."

"ఎండు బాయిలో పోస్తాండావా?"

"నీళ్ళు పడినాయని నువ్వే చెప్పినావంట గదా" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగా. "నిండా ఉండాయి, వంగి ముంచుకోవచ్చు అన్న్యావంట."

ఆంజనేయులు ఒకడుగు వెనక్కు వేశాడు. అవే మాటలు. ఆ పెరట్లో, ఆ చీకట్లో తను అన్న మాటలు. ఎవరికీ చెప్పలేదు. పీరాకు చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు.

"ఎ... ఎవురు చెప్పినారమ్మా నీకు?"

తెలిసిన సంగతి ఎందుకడుగుతున్నాడన్నట్టు చూసింది.

"అంత దూరం నించి ఊరోళ్ళ మాట నమ్మి వచ్చినాడు. వట్టి బాయి చూసి ఏమనుకుంటాడు చెప్పు? నీ మాట పోకూడదని పోస్తాండా."

బిందె వంచింది. సన్నటి ధార లోపలికి జారింది. లోతు బావి. అడుగున రాళ్ళు. నీళ్ళు రాళ్ళమీద పడే చప్పుడు కోసం ఆంజనేయులు చెవి ఒగ్గి విన్నాడు.

రాళ్ళమీద పడలేదు.

భుజాలమీద పడి, వీపుమీదుగా జారింది.

దాదాబీ ఖాళీ బిందెను చంకన పెట్టుకుని, గట్టుమీద చెయ్యి ఆనించి, లోపలికి వంగింది.

"సాలా?" అని అడిగింది.

జవాబు వినడానికి ఆంజనేయులు అక్కడ లేడు.

ఇదంతా జరిగి చాలాకాలమయింది. దాదాబీ రెండేళ్ళ తర్వాత పోయింది. మొన్నటి గాలివానకు ధనుష్కోడి సముద్రంలో కలిసిపోయింది. రైలూ లేదు, స్టీమరూ లేదు. వచ్చినవాణ్ణి వెనక్కు పంపుదామన్నా దారి లేదు.

ఆంజనేయులు ఇది నాకు చెప్పింది ఆ బావికి దగ్గర్లోనే, పొద్దుగూకే వేళ. నీళ్ళ బిందె భుజానికెత్తుకుని అటే పోతూ ఎదురయ్యాడు. నేను సైకిలు దిగితే, బిందె దించి, రోడ్డు పక్కన కూచుని చెప్పాడు. విన్నాక నాకు ప్రాణం కుదుటపడింది. ఓహో, దాదాబీ పోయాక కూడా చప్పుడు ఎందుకు ఆగలేదో ఇప్పుడు తెలిసింది కదా! మా ఊరివాళ్ళకు చెప్పి నవ్వుకోవచ్చు.

"అంటే ఇప్పుడు రోజూ పోసేది నువ్వేనన్నమాట" అన్నాను.

ఆంజనేయులు లేచి బిందె ఎత్తుకున్నాడు. బావివైపు చూశాడు. చీకటి పడుతోంది.

"రోజూ నీళ్ళు యాడ దొరుకుతాయప్పా?" అన్నాడు. "పోసిన దినం నేనే. పోయని దినం సంగతి... నన్ను అడగొద్దు."